బాబు ఎవరి దగ్గర ఉన్నాడు?



గత నెల ఈ పేజీకి మేము ఏమీ రాసి పంపలేదు. ఊళ్ళో లేమని కొందరికి చెప్పాము. అది నిజమే గాని, పూర్తి నిజం కాదు. ఊరికి తిరిగి వచ్చి పదిరోజులైన తరువాత కూడా కలం పట్టుకోడానికి మాకు మనసు రాలేదు. ఇతరుల ఇళ్ళలోని పొరపాట్ల గురించి ఇన్నేళ్ళుగా ఈ పేజీలో చెబుతూ వచ్చాము. ఈసారి మా ఇంటి పొరపాటు రాయాలి. మా కోడలిని అడిగాము. "రాయండి మావయ్యగారూ, మన పేరు పోతే పోయింది, ఇంకో ఇంట్లో ఇలా జరగకూడదు" అన్నది. కనుక రాస్తున్నాము.

మా అబ్బాయి, కోడలు హైదరాబాదులో ఉద్యోగాలు చేస్తున్నారు. దసరా సెలవులకు పిల్లలిద్దరినీ తీసికొని పాలకొల్లు దగ్గర ఉన్న మా ఊరు వచ్చారు. మనుమరాలికి ఎనిమిదేళ్ళు. మనుమడికి ఇరవై నెలలు. నడక వచ్చింది, మాట ఇంకా సరిగా రాలేదు. అందరమూ కలసి ఒకసారి అరకు చూసి రావాలని మా ఇద్దరికీ ఎప్పటినుండో కోరిక. విశాఖపట్నం నుండి రైలులో వెళితే సొరంగాలు చూడవచ్చని మనుమరాలు మారాము చేసింది గాని, చంటివాడి సామాను చూసిన తరువాత కారే నయమనిపించింది. పక్క ఊరి డ్రైవరు అబ్బాయి ఏడుగురు పట్టే బండి తెచ్చాడు. మా ఊరి నుండి అరకుకు మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది.

బయలుదేరక ముందే ఇంట్లో ఒక చిన్న తగువు. కోడలు హైదరాబాదు నుండి పిల్లవాడి కోసం ప్రత్యేకమైన కుర్చీ ఒకటి తెచ్చింది. దానిని కారు సీటు మీద బెల్టుతో బిగించి, పిల్లవాడిని అందులో కూర్చోబెట్టి పట్టీలు వేస్తారు. అది కూడా వాడి ముఖం వెనుక అద్దం వైపు ఉండేటట్లు. "ఏమిటమ్మా ఇది, పసివాడిని దొంగను కట్టేసినట్లు కడతావా? మా ఒళ్ళో కూర్చుంటాడు" అన్నాము. మన పల్లెల్లో అమ్మమ్మ ఒడి, నాయనమ్మ ఒడి కన్న గట్టి చోటు ఇంకొకటి ఉందని ఎవరనుకొంటారు?

కోడలు వాదించలేదు. ఒకే ఒక లెక్క చెప్పింది. బండి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో పోతూ దేనికైనా గుద్దుకొంటే, కట్టులేని పిల్లవాడు తన బరువుకు ముప్పై రెట్లకు పైగా బలంతో ముందుకు విసిరివేయబడతాడట. మావాడు పది కిలోలు. అంటే మూడు వందల కిలోల బరువును ఆ క్షణంలో మా చేతులు ఆపాలి. ధాన్యం బస్తా ఎత్తలేని చేతులు మావి! అంతటితో మేము నోరు మూసికొన్నాము. వెనుకకు తిరిగి కూర్చుంటే ఆ తాకిడిని లేత మెడ కాక, కుర్చీ వీపంతా కలసి భరిస్తుందట. చట్టం కూడా ఉందని తరువాత తెలిసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు, పద్నాలుగేళ్ళలోపు పిల్లలకు బెల్టు గాని, ఇలాంటి కుర్చీ గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా అని చేర్చారు.

ఈ కుర్చీలు ఖరీదైనవి, అందరూ కొనలేరు. మన సంఘాలలో పెళ్ళిళ్ళకు వాడే వంటపాత్రలు, షామియానాలు అందరికీ కలిపి ఉంచుకొంటాము గదా, ఇలాంటి కుర్చీ ఒకటి కూడా ఉంచుకొంటే నలుగురికీ పనికివస్తుంది. ఒకసారి ప్రమాదంలో పడిన బండిలోని కుర్చీని మాత్రం మరల వాడకూడదు. ఏ కుర్చీ లేనివారు కనీసం పిల్లవాడిని ముందు సీటులో ఒడిలో పెట్టుకోవద్దు. పెద్దవారి బెల్టు ఇద్దరికీ కలిపి వేయవద్దు; గుద్దుకొన్నప్పుడు పెద్దవారి బరువంతా పిల్లవాడి మీదనే పడుతుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రార్థన చేసికొని బయలుదేరాము. చంటివాడు నిద్రలో ఉండగానే కొంత దూరం దాటిపోవాలని కోడలి ఆలోచన. అది మంచిదే. సిద్ధాంతం దగ్గర గోదావరి దాటేటప్పటికి ఇంకా చీకటి. రావులపాలెం, జొన్నాడ, రాజమండ్రి బైపాసు అన్నీ నిద్రలోనే గడిచాయి. రెండు గంటలకొకసారి బండి ఆపి పిల్లవాడిని దింపి నడిపించాలి అనుకొన్నాము. జగ్గంపేట దాటిన తరువాత ఒక చెట్టు కింద ఆపాము. వాడు కారు చుట్టూ నాలుగుసార్లు తిరిగి, ఒక మేకపిల్ల వెంటబడి, గుప్పెడు మట్టి తిని సంతోషంగా మరల కుర్చీ ఎక్కాడు. అన్నవరం కొండ దాటేసరికి మరల నిద్రపోయాడు.

తుని దాటిన తరువాత తొమ్మిదిన్నర ప్రాంతంలో టిఫిను కోసం దారి పక్కన ఒక హోటలు దగ్గర ఆగాము. తరువాత జరిగినది ఉన్నది ఉన్నట్లు చెబుతాము.

మా అబ్బాయికి ఆఫీసు నుండి ఫోను వచ్చింది. మాట్లాడుతూ ముందుకు నడచిపోయాడు. మనుమరాలికి అర్జెంటు, కోడలు ఆమె చెయ్యి పట్టుకొని హోటలు వెనుకకు పరుగెత్తింది. పోతూ పోతూ "బాబు జాగ్రత్త" అన్నది. ఎవరితో అన్నది? మాతో అన్నానని ఆమె అనుకొన్నది. వాళ్ళాయనతో అన్నదని మేము అనుకొన్నాము. మా మోకాళ్ళ గొడవ మాది. దిగి, నడుము సరిచేసికొని, మెల్లగా లోపలికి పోయి బల్ల దగ్గర చోటు పట్టుకొన్నాము. డ్రైవరు అబ్బాయి అందరూ దిగారనుకొని, తాళం బటను నొక్కి, రోడ్డుకు అవతల ఉన్న టీ బడ్డీకి పోయాడు. కుర్చీ వెనుకకు తిరిగి ఉంది గనుక ముందునుండి చూసేవారికి దాని వీపే కనబడుతుంది. లోపల పిల్లవాడు నిద్రపోతున్నాడు. చప్పుడు లేదు.

ఇడ్లీలు వచ్చాయి. చట్నీలో కారం ఎక్కువైందని కూడా అనుకొన్నాము. అబ్బాయి వచ్చి కూర్చున్నాడు. కోడలు మనుమరాలితో వచ్చి, అందరి ఒళ్ళూ చూసి, "బాబు ఏడీ?" అన్నది.

ఆ ప్రశ్నకు మేము ఒకరి ముఖం ఒకరు చూసికొన్న ఆ క్షణం ఇప్పటికీ రాత్రులు గుర్తుకు వస్తుంది.

పరుగెత్తాము. తలుపులకు తాళం. తాళం చెవి రోడ్డుకు అవతల. అద్దంలోనుండి వాడి కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి. అబ్బాయి రాయి ఎత్తాడు గాని, ఈలోగా డ్రైవరు కేకలు విని రోడ్డుకు అడ్డంగా పరుగెత్తుకొని వచ్చి తలుపు తీశాడు. లోపలి వేడి పొయ్యి మూత తీసినట్లు ముఖానికి కొట్టింది. పిల్లవాడి చొక్కా పిండితే నీళ్ళు కారేటట్లు తడిసింది. ముఖం కందిపోయింది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు తెరుస్తున్నాడు గాని శబ్దం లేదు. మొత్తం పన్నెండు, పదమూడు నిమిషాలు. అంతే.

హోటలులో గిన్నెలు కడిగే ఒక పెద్దమ్మ మాకన్న ముందు తేరుకొన్నది. వాడిని నీడలోకి తీసికొనిపోయి, బట్టలు విప్పించి, తడిగుడ్డతో ఒళ్ళంతా తుడిచి, విసనకర్రతో విసరింది. కోడలు చెంచాతో కొంచెం కొంచెం నీళ్ళు పట్టింది. పదినిమిషాలకు వాడికి గొంతు వచ్చింది. ఆ ఏడుపు వినడానికి ఎంత బాగుందో చెప్పలేము. దగ్గరలోని ఊళ్ళో పిల్లల డాక్టరుకు చూపించాము. ఆయన పరీక్షించి, ప్రమాదం లేదన్నారు. చెమట పట్టడము, ఏడవడము, నీళ్ళు తాగడము మంచి గుర్తులే అన్నారు. చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోతున్నా, వాంతులవుతున్నా, పిలిచినా పలకకుండా మగతగా ఉన్నా, ఫిట్సు వచ్చినా అది వడదెబ్బ. అప్పుడు వెంటనే 108కి ఫోను చేసి, అది వచ్చేలోగా ఒళ్ళు తడుపుతూ చల్లబరుస్తూ ఉండాలి, మగతలో ఉన్నవాడి నోట్లో నీళ్ళు పోయకూడదు అని చెప్పారు.

అది వైశాఖ మాసం కూడా కాదు, దసరా రోజులు. అంత ఎండేమీ లేదని మీరనుకోవచ్చు, మేమూ అనుకొన్నాము. కాని ఎండలో నిలిపిన కారులో అద్దాలు మూసి ఉంటే పదినిమిషాలలోనే పది డిగ్రీల వరకు వేడి పెరుగుతుంది. బయట ముప్పై ఉంటే లోపల నలభై. అద్దం కొంచెం దింపి ఉంచినా పెద్ద తేడా ఉండదు. పైగా పసిపిల్లల ఒళ్ళు పెద్దవారికన్న మూడు నుండి ఐదు రెట్లు త్వరగా వేడెక్కుతుంది. అమెరికాలో 1998 నుండి లెక్కలు కడుతున్నారు. ఏటా సగటున 37 మంది పిల్లలు ఇలా కార్లలో చనిపోతున్నారు. వారిలో సగానికి పైగా, కావాలని వదిలినవారు కారు, పెద్దలు మరచిపోయినవారు. 1990లలో పిల్లలను భద్రత కోసం వెనుక సీటులోకి మార్చిన తరువాత అక్కడ ఈ మరపు మరణాలు పెరిగాయట. ప్రాణం కాపాడే కుర్చీయే వాడిని మా కళ్ళకు కనబడకుండా దాచింది. అలాగని కుర్చీ తీసివేయాలా? వద్దు. మా కళ్ళే ఇంకొంచెం తెరచుకొని ఉండాలి.

ఇది కార్లున్నవారి సంగతి గదా, మాకెందుకు అనుకొనే పల్లెటూరి కుటుంబాలవారికి ఒక మాట. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో, నిలిపి ఉంచిన కారులోకి ఆడుకోడానికి ఎక్కిన నలుగురు చిన్నపిల్లలు తలుపులు మూసుకుపోయి చనిపోయారు. మన వీధిలో ఎవరి బండి నిలిపినా, తాళం వేసి ఉందో లేదో చూడండి. పిల్లవాడు కనబడకపోతే బావి, చెరువు, కాలువ వెదకినట్లే కార్లు కూడా వెదకండి.

మరల ప్రయాణం సంగతికి వస్తాము. డాక్టరు దగ్గరనుండి అనకాపల్లి వరకు బండిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ మౌనం పిల్లవాడి ఏడుపుకన్న కష్టంగా ఉంది. అనకాపల్లి దగ్గర అబ్బాయి డ్రైవరు మీద విరుచుకుపడ్డాడు. ఆ కుర్రవాడు ఎదురు చెప్పలేదు. బండి పక్కకు ఆపి, దిగి, కళ్ళు తుడుచుకొన్నాడు. అప్పుడు మాలో ఒకరికి (ఎవరికో చెప్పము, ఇద్దరమూ కలసి రాసేటప్పుడు ఆ సౌకర్యం ఉంది) నోరు జారింది: "తల్లి ఉండగా ఇంకొకరిని అనడం దేనికి?" కోడలు ఆ మాట విన్నది. కిటికీ వైపు తిరిగింది.

చంటివాడికి ప్రమాదం తప్పింది గాని, ఆ రోజు మా ఇంటికి తగిలిన దెబ్బ ఆ మాటే. నలుగురు పెద్దలము ఉండి, నలుగురమూ మరచిపోయి, చివరికి ఒక్క తల్లి నెత్తిన పెట్టాము. పెద్దలు ఎక్కువైన కొద్దీ పిల్లవాడికి కాపలా తగ్గుతుంది. ప్రతివాడూ ఇంకొకడు చూస్తాడనుకొంటాడు. అదే కోడలు ఒక్కతే వాడిని తీసికొని ప్రయాణం చేసి ఉంటే మరచిపోయేది కాదు. ప్రార్థన చేసికొని బయలుదేరాము గదా అనే ధీమా కూడా మాకు లోలోపల ఉండి ఉంటుంది. ప్రార్థన చేసికొన్నవాడు వెనుక సీటు చూసికోవద్దని ఎవరు చెప్పారు?

ఆ పూట ఇక కొండ ఎక్కలేదు. విశాఖపట్నంలో బంధువుల ఇంట్లో ఆగిపోయాము. అరకులో గదికి కట్టిన ఒక రోజు అడ్వాన్సు పోయింది. ఆ రాత్రి కోడలి దగ్గర కూర్చొని, తప్పు మాదని చెప్పాము. "నేనూ ఎవరితో చెబుతున్నానో చూడకుండా చెప్పాను అత్తయ్యా" అన్నది. అబ్బాయి డ్రైవరును పిలిచి పక్కన కూర్చోబెట్టుకొని భోజనం చేశాడు. వాళ్ళిద్దరూ ఏమి మాట్లాడుకొన్నారో మాకు తెలియదు.

మరునాడు ఉదయం బండి ఎక్కేముందు రెండు ఏర్పాట్లు చేసికొన్నాము. ఒకటి: పిల్లవాడిని ఎత్తుకొన్నవారు "బాబు నా దగ్గర ఉన్నాడు" అని అందరికీ వినబడేటట్లు పైకి చెప్పాలి. ఇంకొకరికి ఇచ్చేటప్పుడు, తీసికొన్నవారు ఆ మాట తిరిగి చెప్పాలి. మొదట నవ్వు వచ్చింది, నాటకంలో పాత్రలవలె. రెండవది: నా కళ్ళజోడు, ఆమె చేతిసంచి, అబ్బాయి ఫోను, మూడూ పిల్లవాడి కుర్చీ పక్కనే ఉంటాయి. కళ్ళజోడు లేనిదే నేను హోటలు బోర్డు చదవలేను. ఫోను లేనిదే మా అబ్బాయి పది అడుగులు వేయలేడు. కనుక ఎవరో ఒకరు తప్పకుండా ఆ కుర్చీ దాకా వెళ్ళి తీరాలి.

పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా పోయాము. కోట దాటిన తరువాత ఘాట్ మొదలు. చంటివాడికి వాంతులవుతాయేమోనని మేము భయపడితే, వాడు హాయిగా ఉన్నాడు, పెద్దదానికి తిప్పింది. రెండేళ్ళలోపు వారికి ఈ తిప్పడం అరుదట. ఆ తరువాతనే, పన్నెండేళ్ళ వరకు ఎక్కువ. పుస్తకము, ఫోను చూడనివ్వకుండా, దూరంగా కొండను చూస్తూ ఉండమని, అద్దం దింపి గాలి తగిలేటట్లు కూర్చోబెట్టాము. ప్రయాణానికి ముందు నూనె వస్తువులు పెట్టకుండా ఉండవలసింది. బొంగులాంటి నోరూరించే వస్తువులన్నీ తిరుగు ప్రయాణానికి వాయిదా వేశాము. నడిచే బండిలో పిల్లవాడికి వేరుశనగలు, బఠాణీలు పెట్టవద్దు; గొంతుకు అడ్డం పడితే కొండ దారిలో సహాయం దొరికేసరికి ఆలస్యమవుతుంది.

బొర్రా గుహలు సున్నపురాయి గుహలు. లోపలికి చాలా మెట్లు దిగాలి, తేమకు జారుతాయి. చంటివాడిని భుజాన వేసికొని దిగడం మాకు ఇష్టం లేకపోయింది. వంతులు వేసికొన్నాము. మొదట అబ్బాయి, కోడలు, మనుమరాలు చూసి వచ్చారు. తరువాత మాలో మోకాళ్ళు బాగున్నవారు ఒకరే దిగారు. ఆ గంటసేపు మా వాడు బయట ఒక కుక్కపిల్లతో గడిపాడు. అరకులో కూడా అంతే. వలిసెపూలు అప్పుడే పసుపుపచ్చగా విచ్చుకొంటున్నాయి. మేము మైమరచి చూస్తుంటే, వాడికి కావలసినది గది ముందున్న నీటి కుళాయి. ఏమి చేస్తాము? ఇరవై నెలల వాడికి అరకు అంటే కుళాయి. రోజుకు ఒక చోటు చూసి, మధ్యాహ్నం వాడి నిద్రవేళకు గదికి చేరేవారము. చూడనివి చాలా మిగిలిపోయాయి. నాకు కొంచెం బాధగానే ఉంది, దాచడం ఎందుకు?

మిగిలిన జాగ్రత్తలు క్లుప్తంగా. పొద్దున కాచిన పాలు సీసాలో పోసికొని మధ్యాహ్నం వరకు తాగించవద్దు. కాచిన నీళ్ళు ఫ్లాస్కులోను, రాగిపిండి పొడిగాను వేరువేరుగా పట్టుకొనిపోయి అప్పటికప్పుడు జావ కాచుకోవచ్చు. ఓఆర్ఎస్ పొట్లాలు తప్పకుండా ఉంచుకోండి. ఒక లీటరు పొట్లం మొత్తం ఒక లీటరు నీళ్ళలోనే కలపాలి. సగం పొట్లం గ్లాసులో కలపడం తప్పు. కలిపినది ఒక రోజు దాటితే పారబోయాలి. అరకు సముద్రమట్టానికి తొమ్మిది వందల మీటర్లకు పైగా ఉంటుంది. రాత్రి చలి, కనుక తలకు టోపీ, కాళ్ళకు మేజోళ్ళు ఉండాలి. మన్యంలో మలేరియా ఉంది. దోమతెర పట్టుకొనిపోండి. తిరిగి వచ్చిన కొన్ని వారాలలో పిల్లవాడికి జ్వరం వస్తే, అరకు వెళ్ళివచ్చామని డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించండి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033కు ఫోను చేయవచ్చు.

తిరుగు ప్రయాణంలో అదే హోటలు దగ్గర ఆపమని కోడలే అడిగింది. ఆ పెద్దమ్మకు ఒక చీర కొన్నది విశాఖపట్నంలో. మాకు ఆ చోటు చూడాలంటే భయంగా ఉంది గాని, కాదనలేదు. బండి ఆగింది. నేను కళ్ళజోడు కోసం వెనుకకు వంగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది. గుండె ఆగినంత పని అయింది. అప్పటికే డ్రైవరు అబ్బాయి అటువైపు తలుపు తీసి, పిల్లవాడిని భుజాన వేసికొని నిలబడి ఉన్నాడు. హోటలులో ఉన్నవాళ్ళందరూ తిరిగి చూసేటంత గట్టిగా అరిచాడు:

"బాబు నా దగ్గర ఉన్నాడండీ, మాస్టారూ!"